ఆటోమేటిక్ స్విచ్ పితామహుడు ఆల్మన్ స్ట్రోజర్



కంప్యూటర్ ల్యాబులో అడుగుపెట్టిన ప్రతి ఒక్కరూ ఒక మూలన గోడకు బిగించి ఉన్న చిన్న పెట్టెను చూసే ఉంటారు. దాని ముందు భాగంలో వరుసగా రంధ్రాలు, ఆ రంధ్రాల్లో తీగలు, వాటి పక్కన మినుకుమినుకుమనే ఆకుపచ్చ దీపాలు ఉంటాయి. దాన్ని స్విచ్ అంటారు. ఒక కంప్యూటర్ పంపిన సమాచారాన్ని అది ఎవరికి చేరాలో వారికే చేర్చడం దాని పని. డిప్లొమా, ఇంజనీరింగ్ చదువుతున్న మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు దాన్ని కాన్ఫిగర్ చేయడం నేర్చుకుంటున్నారు. ఆ పని నేర్చుకుని ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులూ మనలో ఉన్నారు.

అయితే ఒకరి మాటను మరొకరికి, మధ్యలో మనిషి చెయ్యి పడకుండా, యంత్రమే చేర్చాలన్న ఆలోచన కంప్యూటర్లతో పుట్టింది కాదు. దాని పుట్టిల్లు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి. ఆ ఆలోచనను పనిచేసే యంత్రంగా నిలబెట్టిన మనిషి శాస్త్రవేత్త కాదు, ఇంజనీరు అంతకంటే కాదు. ఆయన శవపేటికలు అమ్మి, అంత్యక్రియలు జరిపించే వృత్తిలో ఉన్న ఒక మాజీ బడిపంతులు. పేరు ఆల్మన్ బ్రౌన్ స్ట్రోజర్. ఆయన జీవితం మనలాంటి వాళ్ళు తప్పక తెలుసుకోవలసినది.

బాల్యం, యుద్ధం, బడి

స్ట్రోజర్ 1839 ఫిబ్రవరి 11న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో రోచెస్టర్ నగరానికి దగ్గరలోని పెన్‌ఫీల్డ్ అనే ఊళ్ళో జన్మించారు. ఆ ఊరికి తొలినాళ్ళలో వచ్చి స్థిరపడి, పిండిమర నడిపిన కుటుంబం వారిది. ఇంట్లో తల్లి ఏదైనా పని చెబితే, ఆ పని చేయడానికి బదులు దాన్ని చేసిపెట్టే యంత్రం ఎలా తయారుచేయాలా అని పిల్లలు ఆలోచిస్తూ కూర్చునేవారని చెబుతారు. ఆ అలవాటు ఆయనను జీవితాంతం వదల్లేదు.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. బానిసత్వాన్ని నిలుపుకోవాలన్న దక్షిణ రాష్ట్రాలకు, ఉత్తర రాష్ట్రాలకు మధ్య జరిగిన యుద్ధం అది. స్ట్రోజర్ ఉత్తర రాష్ట్రాల పక్షాన న్యూయార్క్ 8వ అశ్వికదళంలో పనిచేశారు. లెఫ్టినెంట్ హోదా పొందారు. ఆయన సమాధి మీద నేటికీ కనిపించేది ఆ సైనిక హోదాయే. యుద్ధం ముగిశాక కొంతకాలం పిల్లలకు పాఠాలు చెప్పారు. తరువాత పశ్చిమానికి వెళ్ళి కాన్సాస్ ప్రాంతంలో అంత్యక్రియల వ్యాపారం చేపట్టారు. చివరకు మిస్సోరి రాష్ట్రంలోని కాన్సాస్ సిటీలో దుకాణం పెట్టుకున్నారు.

మన ఊళ్ళలో కాటిపని చేసేవారిని ఎంత దూరం పెడతారో మనకు వేరే చెప్పనక్కర లేదు. అక్కడ అది మిగతా వ్యాపారాల్లాంటి ఒక వ్యాపారమే. ఒక ఇంట్లో మనిషి పోతే బంధువులు దుకాణానికి కబురు చేస్తారు, దుకాణం వారు వచ్చి అన్నీ చూసుకుంటారు. కబురు ముందుగా ఎవరికి చేరితే పని వారిది. స్ట్రోజర్ కథంతా ఆ కబురులోనే ఉంది.

ఆనాటి టెలిఫోన్

గ్రాహంబెల్‌కు టెలిఫోన్ పేటెంట్ 1876లో వచ్చింది. ఆ తరువాత రెండేళ్ళకు, 1878 జనవరిలో, న్యూహేవెన్ పట్టణంలో 21 మంది చందాదారులతో ఎక్స్‌ఛేంజి మొదలైంది. మన దేశంలో 1882 జనవరి 28న కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో ఎక్స్‌ఛేంజీలు ప్రారంభమయ్యాయి. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో మద్రాసు రాజధాని కిందే ఉండేవి.

ఆ ఎక్స్‌ఛేంజీలలో నంబరు తిప్పడం అనేది లేదు. ఫోన్ ఎత్తగానే ఆపరేటర్ పలుకుతారు. ఎవరితో మాట్లాడాలో చెప్పాలి. ఆపరేటర్ తన ముందున్న బోర్డు మీద మన తీగ చివరను అవతలివారి రంధ్రంలో గుచ్చుతారు. అప్పుడు మాట కలుస్తుంది. మొదట్లో ఈ పనికి కుర్రవాళ్ళను పెట్టారు. వాళ్ళ అల్లరి, నోటి దురుసుతనం భరించలేక 1878 నుంచి స్త్రీలను నియమించడం మొదలుపెట్టారు. వాళ్ళు గంటల తరబడి కదలకుండా కూర్చుని, ఎందరి విసుగులో భరిస్తూ చేసిన కష్టం చాలా పెద్దది.

కాని ఆ ఏర్పాటులో ఒక చిక్కు ఉంది. ఎవరి కబురు ఎవరికి, ఎప్పుడు చేరాలన్నది మధ్యలో ఉన్న మనిషి చేతిలో ఉంటుంది. ఆ మనిషి మంచిదైతే పట్టణమంతా సుఖంగా ఉంటుంది. పక్షపాతి అయితే మాత్రం ఎవరికీ తెలియకుండానే ఒకరి బతుకు దెబ్బతింటుంది. మన పూర్వ విద్యార్థులకు ఈ సంగతి బాగా తెలుసు. సెల్‌ఫోన్లు రాని రోజుల్లో హాస్టల్ మొత్తానికి ఒకటే ఫోను ఉండేది. ఊళ్ళోని ఎస్టీడీ బూత్ నుంచి నాన్న ఫోన్ చేస్తే, ఎత్తినవారికి ఓపిక ఉంటేనే మనకు కబురు అందేది. లేకపోతే ఫోను వచ్చిన సంగతే మనకు తెలిసేది కాదు.

కోపం నుంచి యంత్రం

స్ట్రోజర్‌కు అలాంటి అనుమానమే కలిగింది. తన దుకాణానికి రావలసిన కబుర్లు రావడం లేదని ఆయన గమనించారు. ఎక్కువమంది చెప్పుకునే కథ ఏమిటంటే, అదే ఊళ్ళో ఆయనకు పోటీగా ఉన్న మరో వ్యాపారి భార్య ఎక్స్‌ఛేంజిలో ఆపరేటర్. అంత్యక్రియల కోసం ఎవరైనా స్ట్రోజర్‌ను అడిగితే ఆమె ఆ తీగను తన భర్త దుకాణానికి గుచ్చేదట. కొందరు భార్య కాదు, కూతురు అంటారు. అసలు ఆపరేటర్ల తప్పేమీ లేదని, గాలికి ఊగే ఒక ఇనుప బోర్డు స్ట్రోజర్ ఫోను తీగలకు తగిలి లైను చెడిపోయేదని చెప్పే కథా ఉంది.

వీటిలో ఏది నిజమైనా, స్ట్రోజర్‌ను గొప్పవాణ్ణి చేసింది ఆయన అనుమానం కాదు. అనుమానం ఎవరికైనా వస్తుంది. చాలామంది ఆపరేటర్‌తో గొడవ పెట్టుకుంటారు, పై అధికారికి అర్జీ పెడతారు, లేదంటే తమ ఖర్మ అని సరిపెట్టుకుంటారు. స్ట్రోజర్ కూడా కంపెనీకి ఫిర్యాదులు చేశారు. అంతటితో ఆగకుండా, ఈ ఆపరేటర్ పోతే మరో ఆపరేటర్ వస్తారు గాని ఆ కుర్చీకున్న బలం అలాగే ఉంటుందని గ్రహించారు. ఫోను చేసే మనిషే తనకు కావలసిన లైనును స్వయంగా కలుపుకోగలిగితే ఆ కుర్చీతోనే పని ఉండదు కదా అని ఆలోచించారు. కోపం మనుషుల మీది నుంచి ఏర్పాటు మీదికి మళ్ళింది. అక్కడే ఆవిష్కరణ మొదలైంది.

ఆయన మొదటి నమూనాకు వాడిన సామాను చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. చొక్కా కాలర్లు దాచుకునే ఒక గుండ్రటి అట్టపెట్టె, గుండుసూదులు. పెట్టె చుట్టూ వరుసలుగా సూదులు గుచ్చి, ఒక్కొక్క సూది ఒక్కొక్క చందాదారుడి లైను అనుకున్నారు. పెట్టె మధ్యలో నిలబెట్టిన కడ్డీ కదిలి, కావలసిన సూదిని తాకితే లైను కలిసినట్టే. సోదరుని కొడుకు ఒకరు ఈ ప్రయత్నంలో ఆయనకు తోడుగా నిలిచారు. 1889 మార్చి 12న పేటెంట్ కోసం దరఖాస్తు చేశారు. 1891 మార్చి 10న 4,47,918 నంబరుతో పేటెంట్ వచ్చింది. అప్పటికి ఆయన వయసు 52 ఏళ్ళు.

ఆటోమేటిక్ ఎక్స్‌ఛేంజి గురించి ఆయనకు ముందు ఎవరూ ఆలోచించలేదని కాదు. 1879లోనే కొందరు అలాంటి యంత్రానికి పేటెంట్ తీసుకున్నారు. కాని అది అతి కొద్ది లైన్లకు మించి సాగలేదు. వ్యాపార స్థాయిలో నిలబడి పనిచేసింది స్ట్రోజర్ పద్ధతే.

ఆ యంత్రం ఎలా పనిచేస్తుంది?

తరువాతి కాలంలో బాగా వ్యాపించిన స్ట్రోజర్ స్విచ్‌ను ఒక హాస్టల్ భవనంలా ఊహించుకోండి. పది అంతస్తులు, అంతస్తుకు పది గదులు, మొత్తం వంద గదులు. ఒక్కో గది ఒక్కో ఫోను లైను. మనం 47 తిప్పామనుకుందాం. 4 తిప్పినప్పుడు తీగలో కరెంటు నాలుగుసార్లు ఆగి ఆగి వెళుతుంది. ఆగిన ప్రతిసారీ ఒక విద్యుదయస్కాంతం పళ్ళకడ్డీని ఒక్కో మెట్టు పైకి నెడుతుంది. అంటే నాలుగో అంతస్తు చేరాం. తరువాత 7 తిప్పితే అదే కడ్డీ పక్కకు ఏడు అడుగులు తిరిగి ఏడో గది తలుపు తడుతుంది. అక్కడ గంట మోగుతుంది. సున్నా తిప్పితే పది అడుగులు. మాట అయిపోయి ఫోను పెట్టేస్తే కడ్డీ మళ్ళీ మొదటి చోటికి వచ్చేస్తుంది.

ఇంకా ఎక్కువ లైన్లు కావాలంటే ఇలాంటి స్విచ్‌లనే ఒకదాని వెనుక ఒకటి పెడతారు. మొదటి అంకె ఒక స్విచ్‌ను, రెండో అంకె తరువాతి స్విచ్‌ను ఎంచుకుంటుంది. అందుకే దీనికి అంచెలంచెల పద్ధతి అని పేరు. ఇందులో ఎక్కడా ఎవరి దయా అక్కరలేదు. ఫోను చేసింది ఎవరో, ఎవరి కోసం చేశారో యంత్రానికి పట్టదు. దానికి తెలిసిందల్లా అంకెలే.

లాపోర్ట్ పట్టణం

1891లోనే స్ట్రోజర్, మరికొందరు వ్యాపారులు కలిసి షికాగోలో కంపెనీ పెట్టారు. ఇండియానా రాష్ట్రంలోని లాపోర్ట్ అనే చిన్న పట్టణంలో అంతకుముందున్న టెలిఫోన్ కంపెనీ బెల్ కంపెనీ వేసిన పేటెంట్ కేసుల్లో ఓడి మూతపడింది. ఊళ్ళో ఫోన్లు లేకుండా పోయాయి. ఆ ఊరు స్ట్రోజర్ కంపెనీకి తలుపు తెరిచింది. 1892 నవంబర్ 3న అక్కడ ప్రజల కోసం ఆటోమేటిక్ ఎక్స్‌ఛేంజి ప్రారంభమైంది. ప్రపంచంలో వ్యాపార స్థాయిలో అదే మొదటిది. చందాదారులు సుమారు 75 మంది.

అప్పటికి తిప్పే చక్రం లేదు. ఫోనుకు మీటలు ఉండేవి. నంబరులోని పదుల అంకె కోసం ఒక మీటను అన్నిసార్లు, ఒకట్ల అంకె కోసం మరో మీటను అన్నిసార్లు నొక్కాలి. లెక్క తప్పితే వేరేవారికి కలుస్తుంది. ప్రతి ఇంటికీ ఎక్కువ తీగలు లాగవలసి వచ్చేది. ఈ ఇబ్బందులను తీర్చింది కంపెనీలో చేరిన కీత్, ఎరిక్సన్ సోదరులు. వాళ్ళు 1896లో తిప్పే డయల్‌ను తయారుచేశారు. మన పెద్దలు వేలు పెట్టి తిప్పిన డయల్‌కు మూలం అదే. ఆవిష్కరణ ఒకరి పేరున చరిత్రకెక్కినా, దాన్ని పనికొచ్చే వస్తువుగా మలచడంలో పలువురి చేతులుంటాయనడానికి ఇది నిదర్శనం.

దక్కిన ఫలం

స్ట్రోజర్ తన పేటెంట్లను 1896లో 1,800 డాలర్లకు, కంపెనీలోని వాటాను 1898లో 10,000 డాలర్లకు అమ్మేశారు. ఆరోగ్యం బాగోలేక ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరుకున్నారు. అక్కడ కొంత స్థలం కొనుక్కుని శేషజీవితం గడిపారు. 1902 మే 26న, 63 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఆయన పోయిన 14 ఏళ్ళకు, 1916లో, అవే పేటెంట్ల హక్కులు బెల్ సంస్థకు 25 లక్షల డాలర్లకు అమ్ముడుపోయాయి. ఏళ్ళ తరబడి ఆయన పద్ధతిని పక్కన పెట్టిన ఆ బెల్ సంస్థే 1919లో నార్ఫోక్ నగరంలో స్ట్రోజర్ స్విచ్‌లతో పెద్ద ఎక్స్‌ఛేంజి పెట్టించుకుంది.

బ్రిటన్‌లో 1912లో ఎప్సమ్ పట్టణంలో మొదలైన ఈ స్విచ్‌లు 1995 దాకా పనిచేశాయి. మన దేశంలో 1913-14లో సిమ్లాలో 700 లైన్లతో మొదటి ఆటోమేటిక్ ఎక్స్‌ఛేంజి వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో బెంగళూరులో స్థాపించిన ఐటీఐ కర్మాగారం స్ట్రోజర్ పరికరాలను ఇక్కడే తయారుచేసింది. 1984లో ఏర్పడిన సి-డాట్ సంస్థ గ్రామాలకు తగిన ఎలక్ట్రానిక్ ఎక్స్‌ఛేంజీలను రూపొందించాక, ఆ పళ్ళకడ్డీల చప్పుడు మెల్లమెల్లగా ఆగిపోయింది. మరోవైపు, యంత్రం రాకతో ప్రపంచమంతటా వేలాది మంది మహిళా ఆపరేటర్లు తమ పని పోగొట్టుకున్నారన్నది కూడా మనం మరువరాదు.

నేటి స్విచ్, నేటి ఆపరేటర్

కంప్యూటర్ల కోసం ఈథర్నెట్ స్విచ్ 1990 ప్రాంతంలో వచ్చింది. దాన్ని తెచ్చిన అమెరికన్ కంపెనీ పేరు కల్పన. దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన వినోద్ భరద్వాజ్ భారత సంతతివారు. ఆయన భార్య పేరే కంపెనీకి పెట్టారు. 1994లో దాన్ని సిస్కో కొనుగోలు చేసింది.

స్ట్రోజర్ స్విచ్ మాట సాగినంతసేపూ ఒక తీగను ఇద్దరికే కట్టి ఉంచుతుంది. నేటి స్విచ్ అలా కట్టి ఉంచదు. సమాచారం చిన్న చిన్న ముక్కలుగా వస్తుంది. ప్రతి ముక్క మీదా పంపినవారి చిరునామా, చేరవలసినవారి చిరునామా ఉంటాయి. 48 బిట్ల ఈ చిరునామాను మ్యాక్ అడ్రస్ అంటారు. ఏ పోర్టు నుంచి ఏ చిరునామా వచ్చిందో స్విచ్ ఒక పట్టికలో రాసుకుంటుంది. తరువాత ఆ చిరునామాకు ముక్క వస్తే నేరుగా ఆ పోర్టుకే పంపుతుంది. పట్టికలో లేకపోతే, వచ్చిన పోర్టు తప్ప మిగతా అన్నింటికీ పంపి చూస్తుంది.

దీన్ని మన అవసరాలకు తగ్గట్టు అమర్చడమే కాన్ఫిగర్ చేయడం. దానికి కొన్ని దారులున్నాయి. కొత్త స్విచ్‌కైతే కన్సోల్ కేబుల్‌తో కంప్యూటర్‌ను నేరుగా కలిపి ఆదేశాలు టైపు చేస్తారు. దానికో ఐపీ అడ్రస్ ఇచ్చాక దూరం నుంచే పని చేయవచ్చు. పాత పద్ధతి టెల్నెట్. అందులో పాస్‌వర్డ్ ఉన్నది ఉన్నట్టుగా తీగలో వెళుతుంది, మధ్యలో వినేవాడికి దొరికిపోతుంది. ఫిన్లాండ్‌లో ఒక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌ల దొంగతనం జరిగాక, 1995లో అక్కడి పరిశోధకుడొకరు ఎస్‌ఎస్‌హెచ్ అనే పద్ధతిని రాశారు. అందులో అంతా రహస్య లిపిలో వెళుతుంది కాబట్టి అదే వాడాలి. చాలా స్విచ్‌లను బ్రౌజర్‌లో పేజీ తెరిచి కూడా అమర్చవచ్చు. వందల స్విచ్‌లున్న చోట ఎస్‌ఎన్‌ఎంపీ అనే పద్ధతితో ఏ పోర్టు పనిచేస్తోంది, ఏది ఆగింది అని ఒక్కచోట నుంచే చూస్తారు.

నేర్చుకునేవారు మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్‌ను మొదటి రోజే మార్చాలి. ఆఫీసు, ల్యాబు, అతిథుల కంప్యూటర్లను వీల్యాన్‌లుగా విడదీసి ఉంచాలి. చేసిన మార్పులను తప్పక సేవ్ చేయాలి. చాలా స్విచ్‌లలో సేవ్ చేయని మార్పులు కరెంటు పోగానే పోతాయి.

ఇక్కడే స్ట్రోజర్ జీవితం మనకు మళ్ళీ అవసరమవుతుంది. ఆయన యంత్రం ఆపరేటర్ కుర్చీని తీసేసింది. కాని నేటి స్విచ్‌ను కాన్ఫిగర్ చేసేవారు ఒక విధంగా ఆ కుర్చీలోనే కూర్చుంటున్నారు. ఏ పోర్టు తెరవాలి, ఏది మూయాలి, ఎవరికి వేగం ఎక్కువ, ఎవరికి తక్కువ అన్నది వారి చేతిలో ఉంటుంది. ఒక పోర్టులో పోయే సమాచారానికి నకలు తీసి మరో పోర్టుకు పంపే వీలు కూడా ఉంది. లోపాలు వెతకడానికి పెట్టిన సదుపాయమది. దురుద్దేశం ఉంటే ఇతరుల మాటలు దొంగచాటుగా వినడానికీ అదే పనికొస్తుంది. యంత్రానికి పక్షపాతం లేదు. దానికి ఆదేశాలిచ్చే మనిషికి ఉండవచ్చు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మధ్యలో కూర్చున్నవారి చలవ మీద ఆధారపడి బతకడం ఎలా ఉంటుందో మన తల్లిదండ్రులకు తెలుసు, మనకూ తెలుసు. స్కాలర్‌షిప్ కాగితం నుంచి రేషన్ కార్డు దాకా ఎన్ని బల్లల ముందు నిలబడ్డామో లెక్కలేదు. స్ట్రోజర్ తనకు జరిగిందనుకున్న అన్యాయాన్ని తలుచుకుంటూ కూర్చోలేదు. అట్టపెట్టె, గుండుసూదులు ముందు పెట్టుకుని, అలాంటి అన్యాయం ఎవరికీ జరగని ఏర్పాటు కోసం వెతికారు. యాభై ఏళ్ళ వయసులో, ఇంజనీరింగ్ చదువు లేకుండా చేశారు. మీకు వయసుంది, చదువుంది, ల్యాబు ఉంది.

రేపు మీలో ఎవరైనా ఒక ఆఫీసులోనో, ఆసుపత్రిలోనో, బ్యాంకులోనో స్విచ్‌ల బాధ్యత తీసుకుంటారు. ఆ రోజు కన్సోల్ ముందు కూర్చున్నప్పుడు, మీ ముందున్నది ఎందరి కబుర్లో మోసే తీగల కూడలి అని గుర్తుంచుకోండి. ప్రతి కబురూ చేరవలసిన గుమ్మానికి చేరేలా చూడండి. స్ట్రోజర్‌కు మనం చేయగలిగిన గౌరవం అదే.